ఓడిపోయే అవకాశమైనా ఇవ్వండి

మా పెద్దక్కకి యాభై రెండేళ్ళు. ఆరుగురు పిల్లల్లో ఆవిడ మొదటిది, నేను ఆఖరిదాన్ని. నాకు ఊహ తెలిసేసరికి అక్క కాలేజీ టెన్నికాయిట్ జట్టులో ఉండేది. ఓణీ కొంగు నడుముకి దోపుకుని, గాల్లో వంకర తిరుగుతూ వస్తున్న రబ్బరు రింగుని ఎడమ చేత్తో టపీమని పట్టేసి, పట్టిన చేత్తోనే అవతలి మూలకి విసిరేసే అక్క ఇప్పటికీ నాకు కళ్ళకి కట్టినట్టుంటుంది. తరవాత పెళ్ళయింది. ఆట ఆగిపోయింది. ఆగిపోయిందని ఎవరం గమనించలేదు కూడా. పాలవాడు ఒక్కపూట మానేస్తే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది గానీ, ఆడపిల్ల ఆట మానేస్తే ఎవరికి తెలుస్తుంది?

కిందటేడు అక్క ఫోన్ చేసింది. పక్క జిల్లాలో వయసులవారీగా పెద్దవాళ్ళకి ఆటల పోటీలు పెడుతున్నారట. యాభై దాటిన ఆడవాళ్ళకి టెన్నికాయిట్ విడిగా ఉందట. నాలుగు రోజులు. "వెళ్ళనా?" అంది. అంత పెద్దావిడ, కోడలొచ్చిన మనిషి, నన్ను అడిగింది! బావగారు అప్పటికే నవ్వేశారని, కొడుకు "ఎందుకమ్మా, కాలు విరగ్గొట్టుకోడానికా" అన్నాడని నాకు తరవాత తెలిసింది. వాళ్ళ సంగతి సరే. నేనేమన్నానో చెప్పనా? "ఈ వయసులో ఎందుకక్కా? సరదాగా ఉంటే మేడమీద పిల్లల్తో ఆడుకోరాదూ" అన్నాను.

ఫోన్లో ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. తరవాత "అవున్లే" అంది అక్క. వెంటనే మా పిల్లల పరీక్షల గురించి అడిగింది.

నేను కథలు రాస్తాను. ఆడవాళ్ళ మనసు బాగా పట్టుకుంటానని ఎవరైనా ఉత్తరం రాస్తే పొంగిపోతాను కూడా. అలాంటిదాన్ని, ఆ "అవున్లే"లో ఏముందో పట్టుకోలేకపోయాను. అది నాకు అర్థమైంది ఎక్కడో తెలుసా? గోల్ఫ్ గురించి చదువుతుంటే. నవ్వకండి, చెబుతాను.

2021 ఆగస్టు 7వ తేదీ పొద్దున్న మీలో చాలామంది నాలాగే టీవీ ముందు కూర్చునే ఉంటారు. టోక్యో ఒలింపిక్స్‌లో మన అదితి అశోక్ గోల్ఫ్ ఆడుతోంది. ఆటలో ఓనమాలు తెలియకపోయినా స్టవ్ తగ్గించి వచ్చి మరీ చూశాం. ఒక్కటంటే ఒక్క స్ట్రోక్ తేడాతో పతకం చేజారి నాలుగో స్థానంలో నిలిచింది ఆ అమ్మాయి. నన్ను పట్టేసింది మాత్రం ఆమె పక్కనే బరువైన సంచీ భుజాన వేసుకుని నడుస్తున్న వాళ్ళమ్మ. ఆట సామాన్ల సంచీ మోసేవాళ్ళని క్యాడీ అంటారట. కూతురికి తల్లే క్యాడీ. మనం ఎప్పుడూ మోస్తూనే ఉంటాం కదా, అనుకున్నాను. ఆ వెనకాలే ఇంకో ప్రశ్న వచ్చింది. ఆ వయసు ఆడవాళ్ళు సంచీ పక్కన పెట్టి తామే కర్ర పట్టుకుని పోటీకి దిగితే?

వెతికి చదివితే తెలిసింది. అలాంటి పోటీ ఒకటి అమెరికాలో 1962 నుంచీ జరుగుతోంది. దాని పేరు సీనియర్ విమెన్స్ అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్. యాభై నిండిన ఆడవాళ్ళకే ప్రవేశం. నడిపేది యునైటెడ్ స్టేట్స్ గోల్ఫ్ అసోసియేషన్, అంటే ఆ దేశంలో ఈ ఆటకి పెద్ద దిక్కు. 2020లో కరోనా వల్ల ఒక్క ఏడాది ఆగింది.

ఆట తెలియనివాళ్ళ కోసం నాకర్థమైనంత చెబుతాను. మన కర్రాబిళ్ళ ఎంత దూరం కొడితే అంత గొప్ప. ఇక్కడ దూరం కొట్టడంతోపాటు, ఆఖరికి బంతి చిన్న గుంటలో పడాలి. అలాంటి గుంటలు పద్దెనిమిది. ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వాళ్ళదే గెలుపు. బలం ఒక్కటే చాలదు. గాలి ఎటు వీస్తోంది, పచ్చిక ఎటు వాలి ఉంది, ఏ కర్ర తియ్యాలి, ఎక్కడ తెగించాలి, ఎక్కడ తగ్గాలి... ఇదంతా లెక్క. నెలాఖరు ఖర్చు చూసుకునే ఆడదానికి బాగా అర్థమయ్యే లెక్క!

ఈ పోటీ నడిచే తీరు నాకు నచ్చింది. 132 మంది వస్తారు. మొదటి రెండు రోజులూ అందరూ ఆడతారు. మొదటి 64 మందినీ ఉంచి, మిగతా 68 మందినీ ఇంటికి పంపేస్తారు. ఆ తరవాత ఇద్దరిద్దరికి పోటీ. ఓడితే అంతే సంగతులు. పైకి వెళ్ళినకొద్దీ ఒకే రోజు పొద్దునో పోటీ, సాయంత్రమో పోటీ. 'పాపం పెద్దావిడ' అని ఎవరూ ఒక దెబ్బ తగ్గించి రాసుకోరు. యాభై ఏళ్ళావిడ, అరవై ఏళ్ళావిడ, అందరికీ ఒకటే లెక్క.

ఇప్పుడు మన కాలనీల్లో మహిళా దినోత్సవం గుర్తుచేసుకోండి. మ్యూజికల్ చైర్స్ పెడతాం. నిమ్మకాయా చెంచా పెడతాం. యాభై దాటినవాళ్ళని ముందు వరస కుర్చీల్లో కూర్చోబెట్టి శాలువా కప్పుతాం. ఆఖర్న పాల్గొన్నవాళ్ళకీ పాల్గొననివాళ్ళకీ అందరికీ ఒకే రకం ప్లాస్టిక్ డబ్బా. ఎవరి మనసూ నొచ్చుకోకూడదని! మర్యాదే, కాదనను. కానీ అందరికీ బహుమతి ఇచ్చే చోట ఎవరి ఆటనీ ఎవరూ చూడరు. మా అక్క అడిగింది డబ్బా కాదు. తన ఆట ఇప్పుడు ఎంత ఉందో తేల్చుకునే చోటు అడిగింది. అక్కడ ఓడిపోయి వచ్చినా ఆవిడకి ఒక లెక్క తెలిసేది. మనం ఆవిడకి ఓడిపోయే అవకాశం కూడా ఇవ్వలేదు.

ఓడిపోవడం అంటే గుర్తొచ్చింది, మౌరీన్ ఆర్కట్ అనే ఆవిడ ఉండేది. 1907లో పుట్టింది. న్యూయార్క్ టైమ్స్ పత్రికలో క్రీడా విలేకరిగా దశాబ్దాలపాటు పనిచేసింది. 1927లో, ఇరవై ఏళ్ళప్పుడు, అమెరికా మహిళల అమెచ్యూర్ పోటీలో ఫైనల్ దాకా వెళ్ళి ఓడిపోయింది. మళ్ళీ 1936లో ఫైనల్‌కి వెళ్ళింది. మళ్ళీ ఓడిపోయింది. మనవైపు అయితే ఏమంటారు? 'రాసిపెట్టి లేదమ్మా, ఇక చాలు' అంటారు. ఆవిడ ఆడుతూనే ఉంది. 1962లో యాభై దాటినవాళ్ళకంటూ మొట్టమొదటి పోటీ పెట్టారు. పెన్సిల్వేనియాలో జరిగిన ఆ పోటీని గెలిచింది ఎవరనుకున్నారు? యాభై అయిదేళ్ళ మౌరీన్ ఆర్కట్! మొదటి ఫైనల్లో ఓడిన ముప్ఫై అయిదేళ్ళకి జాతీయ ఛాంపియన్ అయింది. నాలుగేళ్ళ తరవాత, 1966లో, మరోసారి గెలిచింది. తొంభై తొమ్మిదేళ్ళు బతికింది. ఆ పోటీయే లేకపోతే ఆవిడ చరిత్రలో 'రెండుసార్లు ఫైనల్లో ఓడినావిడ'గా మిగిలిపోయేది. పోటీ పెట్టడం అంటే ఒక మనిషి కథకి ఇంకో అధ్యాయం రాసుకునే కాగితం ఇవ్వడం.

ఆ కాగితం కూడా ఆడవాళ్ళకి ఆలస్యంగానే అందింది సుమండీ! మగవాళ్ళకి సీనియర్ అమెచ్యూర్ పోటీ 1955లోనే మొదలైంది. వాళ్ళు యాభై అయిదుకి సీనియర్లయితే, మనం యాభైకే అయిపోయాం. డబ్బు బహుమతులుండే సీనియర్ ఓపెన్ మగవాళ్ళకి 1980లో వచ్చింది. ఆడవాళ్ళకి? 2018లో. ముప్ఫై ఎనిమిదేళ్ళ తేడా. అమెరికా అయినా అమలాపురమైనా వడ్డనలో మన వంతు ఆఖరు పంక్తే.

పేరు దగ్గర కూడా అంతే. మహిళల అమెచ్యూర్ పోటీ మొట్టమొదట 1895లో న్యూయార్క్ రాష్ట్రంలో జరిగింది. పదమూడు మంది ఆడారు. విజేత పేరు రికార్డుల్లో 'మిసెస్ ఛార్లెస్ ఎస్. బ్రౌన్' అని ఉంటుంది. 132 దెబ్బలు కొట్టి గెలిచింది ఛార్లెస్ గారు కాదు, లూసీ బార్న్స్ అనే ఆడమనిషి! శుభలేఖల మీద 'శ్రీమతి అండ్ శ్రీ' తరవాత ఒక్క ఆయన పేరే చూసుకునే మనకి ఇది వింతేం కాదనుకోండి.

ఇప్పుడు నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వని మనిషి గురించి చెబుతాను. ఆన్ గ్రెగరీ. నల్లజాతి స్త్రీ. 1912లో మిసిసిపీ రాష్ట్రంలో పుట్టింది. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే ఒక తెల్లవాళ్ళ కుటుంబంలో ఇంటిపని చేస్తూ పెరిగింది. పెళ్ళయ్యాక ఇండియానాలోని గ్యారీ అనే ఉక్కు ఫ్యాక్టరీల ఊరికి వచ్చింది. భర్తకి గోల్ఫ్ పిచ్చి. ఎప్పుడు చూసినా ఆటేనా అని ఈవిడ విసుక్కునేది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన నౌకాదళంలోకి వెళ్ళాక, ఈవిడే కర్ర పట్టుకుని నేర్చుకుంది. భర్త లేని ఇంట్లో భర్త ఆట నేర్చుకున్న ఈ సంగతి నేను కథలో రాస్తే కల్పన అంటారు!

విందులకి వంటలు చేసి సరఫరా చేసే పని చేసేది. ఒక కూతురు. ఊళ్ళోని ప్రభుత్వ మైదానంలో పద్దెనిమిది గుంటల పెద్ద కోర్సు తెల్లవాళ్ళకి, తొమ్మిది గుంటల చిన్నది నల్లవాళ్ళకి అని అలవాటుగా నడిచేది. 1960ల మొదట్లో ఒకరోజు ఈవిడ వెళ్ళి బల్ల మీద డబ్బు పెట్టి, నా పన్నుతో కూడా నడిచే మైదానం కాబట్టి పెద్ద కోర్సులోనే ఆడతానని చెప్పి, నేరుగా వెళ్ళి ఆడేసింది. ఎవరూ ఆపలేకపోయారు. దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

1956లో ఆవిడ మహిళల అమెచ్యూర్ పోటీలో అడుగుపెట్టింది. అసోసియేషన్ జాతీయ పోటీల్లో ఆడిన మొదటి నల్లజాతి మహిళ ఆవిడే. మొదటి పోటీలోనే ఎదురుగా కరోలిన్ క్యుడోన్ అనే గట్టి క్రీడాకారిణి. ఆన్ గ్రెగరీ పోరాడి ఓడిపోయింది. 1959లో వాషింగ్టన్ దగ్గర జరిగిన పోటీలో ఆడనిచ్చారు గానీ, క్రీడాకారిణులకి క్లబ్బులో ఇచ్చే విందుకి రానివ్వలేదు. ఆవిడ వెళ్ళి ఒక్కతే హ్యాంబర్గర్ తిని పడుకుంది. మర్నాడు మళ్ళీ మైదానంలో ఉంది. మరోసారి ఒక పోటీలో సాటి క్రీడాకారిణే ఆవిణ్ణి పనిమనిషనుకుని కోటు తగిలించుకునే హ్యాంగర్ తెచ్చిపెట్టమంది. ఆవిడ తెచ్చి ఇచ్చింది. మాట తూలలేదు. అలా నిబ్బరంగా ఉండడానికి లోపల ఎంత ఖర్చవుతుందో, పెళ్ళిళ్ళలో చీరని బట్టి పలకరింపులు అందుకునే మనలో కొందరికి కొంచెమైనా తెలుసు.

ఇక 1971. ఆన్ గ్రెగరీకి యాభై తొమ్మిదేళ్ళు. సీనియర్ మహిళల పోటీ జార్జియాలోని సీ ఐలండ్‌లో. జార్జియా అంటే దక్షిణాది. కొద్ది ఏళ్ళ క్రితం దాకా నల్లవాళ్ళకి వేరే గుమ్మం, వేరే బెంచీ ఉన్న నేల. అప్పట్లో ఆ పోటీ మొత్తం దెబ్బల లెక్క మీద నడిచేది. 54 గుంటల ఆట. అంతా అయి లెక్క చూస్తే ఆన్ గ్రెగరీ రెండో స్థానం. ఒక్క దెబ్బ తేడా. గెలిచింది ఎవరు? అదే కరోలిన్ క్యుడోన్! పదిహేనేళ్ళ కిందట మొదటి పోటీలో ఈవిణ్ణి ఓడించిన మనిషే. క్యుడోన్ తక్కువదేం కాదు. 1968 నుంచి 1972 దాకా వరసగా అయిదేళ్ళు గెలిచింది. ఆ అసోసియేషన్ పోటీల్లో ఒకే పోటీని వరసగా అయిదుసార్లు గెలిచినవాళ్ళు ఇంకెవరూ లేరు, మగవాళ్ళతో కలిపి. అలాంటి మనిషికి ఒక్క దెబ్బ దూరంలో నిలిచింది మిసిసిపీలో పాచిపని చేసుకుంటూ పెరిగిన పిల్ల.

ఆ ఒక్క దెబ్బ గురించే నా ఆలోచనంతా. 54 గుంటల్లో ఎక్కడ పోయిందో? ఏ గాలివాటుకి పోయిందో? ఆవిడ ఇంటికెళ్ళాక ఎన్ని రాత్రులు లెక్కేసుకుందో? అది బాధే. కానీ అది తన బాధ. తను సంపాదించుకున్న బాధ. పిల్లాడి మార్కులు తగ్గాయనో, ఆయనకి ప్రమోషన్ రాలేదనో మనం పడే బాధ లాంటిది కాదు. మనలో ఎంతమందికి ఇలా సొంతంగా, ఒక్క దెబ్బ తేడాతో పోగొట్టుకున్నదంటూ ఏదైనా ఉంది? ఆవిడ అక్కడితోనూ ఆగలేదు. 1989లో, డెబ్భై ఆరేళ్ళప్పుడు, పెద్దవాళ్ళ జాతీయ ఒలింపిక్స్‌లో గోల్ఫ్ బంగారు పతకం గెలుచుకుంది. మరుసటి ఏడాది కన్నుమూసింది.

'ఇదంతా డబ్బున్నవాళ్ళ ఆటమ్మా' అని మీరంటారని తెలుసు. నేనూ ఒప్పుకుంటాను. హైదరాబాదులో గోల్కొండ కోట పక్కనా, విశాఖలోనూ గోల్ఫ్ మైదానాలున్నాయి. మనలో ఎందరం గేటు దాటి లోపలికెళ్ళాం? అమెరికాలోనూ ఇది క్లబ్బుల ఆటే. పైగా అమెచ్యూర్ అంటే డబ్బు బహుమతి ఉండదు. టిక్కెట్టు, బస, అన్నీ చేతి ఖర్చే. అంత తీరిక, అంత డబ్బు అందరికీ ఎక్కడివి? కానీ గెలిచినవాళ్ళ జాబితాలో అందరూ మహారాణులు కారు. 2012, 2013, 2016లలో గెలిచిన ఎలెన్ పోర్ట్ బడిలో వ్యాయామం నేర్పే టీచర్. ఆవిడ గోల్ఫ్ మొదలుపెట్టిందే పాతికేళ్ళు వచ్చాక. 2017లో గెలిచిన కెనడా ఆవిడ జుడిత్ కిరినిస్ నర్సు. 2018, 2019, 2021లలో గెలిచిన లారా టెనెంట్ అయిదుగురు పిల్లల తల్లి. 2018లో ఆవిడ సంచీ మోసింది ఎవరో తెలుసా? వాళ్ళ నాన్నగారు! యాభై దాటిన కూతురి వెనక, అంతకంటే పెద్దాయన సంచీ భుజాన వేసుకుని నడిచాడు. అదితికి అమ్మ, లారాకి నాన్న. ఇంట్లోవాళ్ళు ఒకరు సంచీ పట్టుకుంటే తప్ప ఏ ఆడదీ ఆడలేదేమో అనిపిస్తుంది.

అమెచ్యూర్ అన్న మాటకి మూలం ప్రేమించడమట. డబ్బు కోసం కాకుండా ఇష్టంతో చేసేవాళ్ళు అని. జీతం లేకుండా చెయ్యడం మనకి కొత్తా? ఒకటే తేడా. వాళ్ళు చేసినదానికి లెక్క ఉంది, కప్పు మీద పేరుంది. మన రోజువారీ లెక్క ఎక్కడా రాసి ఉండదు.

మైదానం కొలతల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆలిస్ డై అని ఇంకొక విజేత ఉంది. 1978, 1979లలో వరసగా గెలిచింది, మొదటిసారికి యాభై ఒక్కేళ్ళు. ఇద్దరు కొడుకుల తల్లి. భర్త పీట్ డైతో కలిసి గోల్ఫ్ మైదానాలకి నమూనాలు గీసేది. ఫ్లోరిడాలో సాగ్రాస్ అనేచోట నీళ్ళ మధ్య దీవిలా ఉండే పదిహేడో గుంట ప్రపంచ ప్రసిద్ధం. ఆ ఆలోచన ఈవిడదే. ఈవిడ జీవితమంతా పోరింది ఒక చిన్న విషయం మీద. ఆట మొదలుపెట్టే గీత ఉంటుంది కదా, దాన్ని మగవాడి భుజబలం చూసి గీసి, ఆడవాళ్ళకి ఏదో రెండడుగులు ముందుకి జరిపితే సరిపోతుందా అని. మగవాడు రెండు దెబ్బల్లో చేరేచోటికి ఆడది నాలుగు దెబ్బలు కొట్టాల్సివస్తే లోపం ఆమె చేతిలో లేదు, గీత గీసినవాడి దగ్గరుందని ఆవిడ వాదన. గీత ముందుకి జరపమంది. అది జాలి కాదు, ఇద్దరికీ ఒకే రకం తెలివి అవసరమయ్యేలా కొలత సరిచేయడం. 1997లో మైదానాల నిర్మాతల సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలైంది.

యాభై దాటిన ఆడవాళ్ళకి విడిగా పోటీ అనేది కూడా నాకు అలాంటి గీతే అనిపిస్తుంది. ఇరవై ఏళ్ళ పిల్లతో పోల్చి 'నువ్వింక పనికిరావు' అనడం సులువు. ఏమీ అనకుండా శాలువా కప్పెయ్యడం ఇంకా సులువు. గీత సరైనచోట గీసి 'ఇప్పుడు ఆడు, చూస్తాం' అనడమే కష్టం.

ఎంతవరకు ఆడగలరో మనకేం తెలుసని చెప్పండి? కెనడాకి చెందిన మార్లీన్ స్ట్రైట్ ఈ పోటీని 1985లో గెలిచింది, యాభై ఒక్కేళ్ళకి. 1994లో గెలిచింది, అరవై ఏళ్ళకి. 2003లో మళ్ళీ గెలిచింది, అరవై తొమ్మిదేళ్ళకి! ఆ అసోసియేషన్ పోటీల్లో అంతకంటే పెద్ద వయసులో ఛాంపియన్ అయినవాళ్ళు మగవాళ్ళలో కూడా లేరు. మధ్యలో ఓడిన ఏళ్ళే ఎక్కువని మరిచిపోకండి. పందొమ్మిది ఏళ్ళలో మూడు గెలుపులు. మిగతా ఏళ్ళన్నీ ఎవరో ఒకరు ఆ కప్పు పట్టుకెళ్తుంటే చూసింది. 'అరవై వచ్చాయి, ఇంక మనవల్ని ఆడించుకో' అని ఎవరైనా అంటే వినుంటే, ఆ మూడోది ఉండేదే కాదు.

మన ఆడవాళ్ళు యాభై దాటాక ఇంట్లోంచి బయటికి రావడానికి ఒప్పుకునే కారణాలు మూడే. షుగరుకి వాకింగ్, గుడికి, పురుడు పొయ్యడానికి కూతురింటికి. డాక్టరు చెప్పాడంటే రోజూ గంటసేపు నడవనిస్తారు. అదే గంట గెలవడానికి ఆడతానంటే ఇల్లంతా నవ్వుతుంది. ఆరోగ్యం కోసమైతే సరే, ఆశ కోసమైతే కూడదు! మనం గోల్ఫ్ ఆడనక్కర్లేదు. టెన్నికాయిట్ ఉంది, బాల్ బ్యాడ్మింటన్ ఉంది, క్యారమ్స్ ఉంది, చదరంగం ఉంది. మహిళా మండలి సోదరీమణులకి నాదొక విన్నపం. వచ్చే మార్చికి శాలువాలు కొనే డబ్బుతో ఒక నెట్టు కొనండి. యాభై దాటినవాళ్ళకి విడిగా పోటీ పెట్టండి. పాయింట్లు రాయండి, బోర్డు మీద పెట్టండి. ఓడినవాళ్ళకి డబ్బా ఇవ్వకండి. మళ్ళీ ఏడాది తేదీ చెప్పండి.

కిందటి నెల్లో అక్క ఇంటికి వెళ్ళాను. ఆన్ గ్రెగరీ కథంతా చెప్పాను. ఒక్క దెబ్బ అన్నచోట అక్క చేస్తున్న పని ఆపి, "అయ్యో" అంది. ఇంకేం అనలేదు. సాయంత్రం ఎండ తగ్గాక నేనే ముగ్గుపిండి తీసుకుని మేడమీద గీతలు గీశాను. బట్టలారేసే తాడే నెట్టు. బీరువా మీదనుంచి రింగు అక్కే తీసుకొచ్చింది. మనవరాలిదన్నది గానీ, పాతదే, నాకు తెలుసు.

21-6. నాకంటే పద్నాలుగేళ్ళు పెద్దావిడ నన్ను చిత్తుగా ఓడించింది. ఒక్క పాయింటు కూడా జాలిపడి వదల్లేదు. నా ఎడమ చెయ్యి మూడు రోజులు నెప్పి పెట్టింది.

పెద్దవాళ్ళ పోటీలు ఈ ఏడాదీ ఉన్నాయట. నాలుగు రోజులే. "మరి ఇక్కడ వంటో?" అన్నారు బావగారు. ఆ నాలుగు రోజులూ నేనొచ్చి వండిపెడతానని చెప్పాను. అక్క సంచీ మోయడం నాకు చేతనయ్యేది ఆ రకంగానే కదా.

ఆయనింకా జవాబు చెప్పలేదు. అక్క మాత్రం ఈసారి "అవున్లే" అనలేదు.